ఆర్వల్ పీక ఊదిన రోజులు

మా వేట క్లబ్బులో, బాతులు ఎందుకు దిగాయో, ఎందుకు దిగలేదో చెప్పలేని మనిషి లేడు. తెల్లవారకముందే రబ్బరు దుస్తులు రొమ్ముల దాకా లాక్కుని పడవెక్కేటప్పుడు ఎవరి నోరూ లేవదు. వేట ముగించుకొచ్చి, మెత్తటి రొట్టెల్లాంటి వేడి బిస్కెట్ల మీద సాసేజీ మాంసపు గ్రేవీ పోసుకునే వేళకి మాత్రం అందరూ పండితులైపోతారు.

బ్యూఫర్డ్ హేజ్‌ది గాలి సిద్ధాంతం. "ఉత్తరపు గాలి వీస్తే బాతు వస్తుంది. వీచలేదా, దుప్పటి కప్పుకుని పడుకో" అంటాడు. గాలి ఏ దిక్కు నుంచి వీచినా అతను మాత్రం పడుకోడు, అందరికంటే ముందు వచ్చేస్తాడు. ఆర్వల్ టీగ్‌ది పీక సిద్ధాంతం. మెడలో తాడుకి వేలాడే చెక్క పీకని ఊదితే అచ్చం ఆడబాతు గొంతే. "గాలీ లేదు, గాడిద గుడ్డూ లేదు. పైన పోయే బాతుకి నువ్వు చెప్పిన మాట నచ్చితే దిగుతుంది, లేకపోతే దాని దారిన అది పోతుంది" అనేవాడు. జిల్లాలో జరిగే పీకల పోటీలో ఒకసారి అతనికి రెండో బహుమతి వచ్చింది. మొదటి బహుమతి ఎందుకు రాలేదని అడక్కూడదు. అడిగితే ఆ న్యాయనిర్ణేత చెవుల గురించి మధ్యాహ్నం భోజనాల దాకా చెబుతాడు.

నా పేరు లెమ్. నాకు సిద్ధాంతాలేం లేవు. వంట నాది, గిన్నెలు కడగడం వాళ్ళది. ఆ ఒప్పందంతో ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాను.

ఆర్కెన్సా రాష్ట్రంలో మా వరి పొలాలన్నీ అయిపోయిన చోట వాగు పక్కన ఓక్ అడవి ఉంటుంది. కోతలు కాగానే దానికి నీళ్ళు పెడతాం. చలికాలం వచ్చేసరికి చెట్లు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉంటాయి, రాలిన ఓక్ కాయల కోసం ఆకుపచ్చ తలల బాతులు ఉత్తరం నుంచి దిగుతాయి. అడవిలో మాకు ఆరు మాటులున్నాయి. ఏ రోజు ఎవరు ఏ మాటులో కూర్చోవాలో చీటీలేసి తేల్చుకుంటాం. వేట నుంచి వచ్చినవాడు మా క్యాంపు ఇంట్లో వంటింటి తలుపు పక్కన తగిలించిన కాగితం నింపాకే కాఫీ ముట్టుకోవాలి. తేదీ, ఏ మాటు, నీళ్ళెంత లోతు, గాలి ఎటు, ఎండా మబ్బా, ఎవరెవరు వెళ్ళారు, ఎన్ని పడ్డాయి అన్నీ రాయాలి. చివరి గడి 'పీక ఊదింది ఎవరు' అని ఉంటుంది. ఆ గడి పట్టుబట్టి పెట్టించింది ఆర్వలే. ఎందుకు పెట్టించాడో చెప్పక్కర్లేదు.

నిండిన కాగితాలన్నీ సీజను చివర ఒక అట్టపెట్టెలోకి పోయేవి. మళ్ళీ వాటి మొహం చూసినవాడు లేడు. రొవీనా వచ్చేదాకా.

రొవీనా ఆర్వల్ చెల్లెలి కూతురు. మోకాళ్ళు అరిగిపోయి వాళ్ళ నాన్న నీళ్ళలోకి దిగలేక, క్లబ్బులో తన వాటా కూతురికి రాసిచ్చాడు. ఊరి బియ్యం మిల్లులో గింజ నాణ్యత చూసే ఉద్యోగం ఆమెది. సాయంత్రం షిఫ్టు కాబట్టి పొద్దున్నలు ఖాళీ. తుపాకీ బాగా పేలుస్తుంది, తక్కువ మాట్లాడుతుంది, గిన్నెలు తళతళలాడేలా తోముతుంది. అంతకంటే మంచి సభ్యురాలు నాకు అక్కర్లేదు.

వచ్చిన కొత్తలోనే ఆ పెట్టె చూసి, "బాబాయ్, ఇవి నేను ఇంటికి తీసుకెళ్ళచ్చా?" అని అడిగింది.

"పొయ్యిలోకా?"

"కాదు, చదవడానికి."

"ఒంట్లో బాగానే ఉందా తల్లీ?" అన్నాను.

వారం తిరిగేసరికి క్యాంపులో కాఫీ బల్ల ఎదురు గోడ నిండా పట్టికలు వెలిశాయి. మాటుకో రంగు, ఆ రంగులో పొట్టీ పొడుగూ పట్టీలు. ఒక్కో తుపాకీకి సగటున ఎన్ని బాతులు దక్కాయన్నది పట్టీ ఎత్తు. గాలికి ఒకటి, ఆకాశానికి ఒకటి, నీటి మట్టానికి ఒకటి. మొదట అందరం పెళ్ళిఫోటోల దగ్గర మూగినట్టు మూగాం.

గాలి పట్టిక ముందు బ్యూఫర్డ్ చాలాసేపు నిలబడ్డాడు. ఉత్తరపు గాలి పట్టీ, దక్షిణపు గాలి పట్టీ భుజం భుజం కలిపి నించున్నాయి. గాలి లేని రోజుల పట్టీ మాత్రం నేల కరుచుకుని ఉంది.

"ఇదేంటమ్మా?"

"గాలి ఉంటే చాలు అంకుల్, ఏ దిక్కైనా ఒకటే. నీళ్ళు కదులుతుంటే మనం వదిలిన బొమ్మలు, ఆ ఎర బాతులు, నిజం బాతుల్లా ఊగుతాయి కదా, అందుకేమో. అసలు తేడా ఎండది. ఎండ కాసిన రోజు మనం చెట్టు నీడలో కలిసిపోతాం. మబ్బు పట్టిన రోజు మన మొహాలు పైకి కనబడిపోతాయి."

"నీ మొహమైతే మబ్బులోనే కాదురా, చీకట్లో కూడా కనబడుతుంది" అన్నాడు ఆర్వల్ బ్యూఫర్డ్ వెనక నుంచి, నోట్లో బిస్కెట్టు పెట్టుకునే. "ముప్ఫై ఏళ్ళుగా ఉత్తరం, ఉత్తరం అని మా ప్రాణాలు తీశావు. ఇప్పుడేమంటావు?"

అందరూ పగలబడి నవ్వారు. బ్యూఫర్డ్ కూడా నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి. కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి, "అమ్మాయ్, చివరి గడి ఉందిగా. దానికెందుకు పట్టిక వెయ్యలేదు?" అన్నాడు.

"వెయ్యమ్మా, వెయ్యి! పెద్దది వెయ్యి. గోడ చాలకపోతే నా పట్టీ పైకప్పు మీదికి పోనీ" అన్నాడు ఆర్వల్.

మర్నాడు రొవీనా వచ్చింది, పట్టిక రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడోసారి బ్యూఫర్డ్ అందరి ముందూ అడిగేసరికి ఆమె ప్లేటులో గుడ్డు అటూ ఇటూ తోస్తూ, "ఇంకా చూస్తున్నాను అంకుల్" అంది. అబద్ధం చెప్పడం రాని మనిషి. అది చూడగానే ఆర్వల్‌కి అర్థమైపోయింది.

"నీ సంచీలో ఉంది కదూ?"

"మామయ్యా, అది ఇంకా..."

"బయటికి తియ్యి."

తీసింది. పోయిన సీజన్ల కాగితాలన్నీ కలిపి వేసిన పట్టిక. పీక ఊదిన ప్రతివాడికీ ఒక పట్టీ. నా పట్టీ ఓ మాదిరిగా ఉంది. బ్యూఫర్డ్‌ది కూడా ఫరవాలేదు. పీక ఎవరూ ఊదని రోజులకి సైతం మంచి పట్టీయే ఉంది. చివరగా, అందరి పట్టీల్లో సగం ఎత్తు కూడా లేకుండా, ఆర్వల్.

అందరూ మెడలు చాచి చూశారు. అప్పుడు బ్యూఫర్డ్ బల్ల మీద చరిచి నవ్వాడు. "ఓరి నాయనోయ్! ఇన్నేళ్ళూ పిలుస్తున్నాడనుకున్నాం, వీడు తరుముతున్నాడురా!"

ఆర్వల్ కూడా నవ్వాడు. "ఆ పోటీ జడ్జీ అప్పుడే చెప్పాడు, నేనే వినలేదు" అన్నాడు. ఆ మాటకి అందరూ మళ్ళీ నవ్వారు. అతను మెల్లగా మెడలోంచి తాడు తీసి, పీకని గోడ మేకుకి తగిలించి, కుక్కకి ఏదైనా పెట్టాలంటూ బయటికి వెళ్ళాడు. కుక్క బల్ల కిందే ఉంది.

ఆ తర్వాత వేటకి రావడం మానలేదు ఆర్వల్, పీక మాత్రం ముట్టుకోలేదు. ఒక మంగళవారం నాకూ అతనికీ ఒకే మాటు తగిలింది. బంగారంలాంటి ఎండ. ఓక్ మానుకి వీపు ఆనించి నిలబడ్డాం. పదీ పదిహేను బాతులు కొమ్మల పైన చుట్టు తిరుగుతున్నాయి. రెండో చుట్టులో కాస్త ఎడంగా జరిగాయి. వెనక్కి పిలవాల్సిన సమయం అదే. ఆర్వల్ చెయ్యి దానంతట అదే రొమ్ము మీదికి వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు. కోటు బొత్తాం పట్టుకుని ఊరుకున్నాడు.

"నాది తీసుకో అన్నా" అని నా పీక ఇవ్వబోయాను.

"నువ్వే ఊదు. పట్టిక ప్రకారం నువ్వు నాకంటే నయం."

నేను ఊదాను. నా ఊదుడు తలుపు కీలు కిర్రుమన్నట్టు ఉంటుంది. బాతులు పొలాల వైపు వెళ్ళిపోయాయి. ఆర్వల్ తుపాకీ గొట్టం తుడుచుకుంటూ ఉండిపోయాడు. మామూలుగా అయితే నా ఊదుడుని వెక్కిరిస్తూ వారం రోజులు బతికేవాడు.

క్యాంపులో కూడా అంతే. ఎర బాతులు కడిగి ఆరబెట్టేవాడు, పడవ తాడు ముడులు విప్పి మళ్ళీ వేసేవాడు. అతని భార్య మేబుల్ ఒకరోజు రొవీనాకి ఫోన్ చేసింది. ఆ సంగతి నాకు రొవీనాయే చెప్పింది. "ఏం చేశారే మా ఆయన్ని? పొద్దస్తమానం గరాజులో కూచుని ఆ పీకతో నా చెవులు చిల్లులు పొడిచే మనిషి, ఇప్పుడు నాతోపాటు టీవీలో వంటల ప్రోగ్రాం చూస్తున్నాడు. నిన్న నాకు ఉల్లిపాయలు ఎలా తరగాలో చెప్పాడు. తీసుకుపొండి తల్లీ ఈయన్ని" అందట.

ఆ శనివారం నాకు పిండి కలపడంలో సాయం చేస్తూ రొవీనా కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తోంది. మా అడవి పక్కనే సర్కారు వారి అడవి. అందులో ఎవరైనా వేటాడచ్చు. రోడ్డు వార పికప్పు బండ్లు, పడవలు దింపిన ట్రైలర్లు బారులు తీరి ఉన్నాయి. అడవి లోపల పెళ్ళి ఊరేగింపులా తుపాకుల మోత.

"బాబాయ్, శనివారాలు ఎప్పుడూ ఇలాగేనా?"

"ఎప్పుడూ ఇంతే. పట్నం మొత్తం ఇక్కడే ఉంటుంది. పాపం బాతులు ఆకాశానికి అతుక్కుపోతాయి. శనివారం ఎవడికైనా రెండు పడితే గొప్పే."

ఆమె చెయ్యి పిండిలో ఆగిపోయింది. "మామయ్య ధాన్యం ఆరబెట్టే యార్డులో ఉద్యోగం ఎప్పుడు మానేశాడు?"

"పోయిన వసంతంలో. రిటైరయ్యాడుగా."

"మరి అంతకుముందు వేటకి ఎప్పుడొచ్చేవాడు?"

"ఇంకెప్పుడొస్తాడు? శనివారాలు. లేకపోతే పండగ సెలవులకి."

"అయ్యో!" అంటూ పిండి చేతుల్తోనే కారు వైపు పరిగెత్తింది. ఆ పూట బిస్కెట్లు నేనొక్కడినే చేసుకున్నాను.

మర్నాడు చర్చి అయ్యాక ఆర్వల్ ఇంటికి నన్ను కూడా లాక్కెళ్ళింది. మేబుల్ పెకాన్ గింజలతో చేసిన తీపి 'పై' ముక్కలు కోసి పెట్టింది. రొవీనా ప్లేటు పక్కకి జరిపి కొత్త పట్టిక పరిచింది. ఈసారి శనివారాలు, సెలవులు వేరు, మామూలు రోజులు వేరు. శనివారాల్లో మా అందరి పట్టీలూ పొట్టివే. ఉన్నవాటిలో కాస్త పొడుగైనది ఆర్వల్‌ది.

"మామయ్యా, నేను కూడింది సరిగ్గానే కూడాను. కానీ కలపకూడని వాటిని కలిపాను. నువ్వు పిలిచిన రోజులన్నీ బాతులు బెదిరిపోయి ఉన్న రోజులే. అది నీ తప్పుగా చూపించాను."

ఆర్వల్ కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. మొహంలో వెలుగు వస్తుందనుకున్నాను. రాలేదు.

"మరి మామూలు రోజుల్లో నేనెలా ఊదుతాను?"

"తెలీదు. నీవి ఉన్నవి మరీ తక్కువ, చెప్పలేను."

"అంటే నేను చెడగొడుతున్నానేమో కూడా."

"కావచ్చు" అంది రొవీనా. మేబుల్ ఆమె కాలు బల్ల కింద తొక్కింది. నా కాలు పక్కనే ఉండడంతో నాక్కూడా తగిలింది.

ఆర్వల్ కళ్ళజోడు తీశాడు. "నీ నోట అబద్ధం రాదని మీ అమ్మ చిన్నప్పుడే చెప్పింది. ఎలా తెలుసుకోవాలి మరి?"

రొవీనా దారి ఆలోచించుకునే వచ్చింది. జనవరిలో మిగిలిన మామూలు రోజుల్లో ప్రతి ఉదయం పేకముక్క తియ్యాలి. ఎరుపు వస్తే ఆర్వల్ పీక ఊదాలి. నలుపు వస్తే అందరూ నోరు మూసుకోవాలి. ఏ రోజు ఊదాలన్నది అతను గానీ మేం గానీ ఎంచుకోకూడదు. ఎన్ని గుంపులు దగ్గరికొచ్చాయో, ఎన్ని దిగాయో, ఎన్ని తిరిగిపోయాయో బ్యూఫర్డ్ రాయాలి.

"బ్యూఫర్డా? వాడా?"

"ఆయన రాస్తే ఎవరూ కాదనలేరు కదా."

ఆర్వల్ కళ్ళజోడు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే. ఒక షరతు. ఎర బాతుల మూటలు బురదలో వాడే మొయ్యాలి."

బ్యూఫర్డ్ ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. వాడి ఉద్దేశంలో ఇది నెలరోజుల ఉచిత వినోదం. మొదటి రెండు రోజులూ నలుపే వచ్చింది. పీక మెడలో వేసుకుని చెట్టుకి ఆనుకుని నిలబడ్డ ఆర్వల్‌ని చూసి, "ఆభరణం బాగుందిరా" అని ఏడిపించాడు. మూడో రోజు ఎరుపు.

ఆ ఉదయం నేను వంట మానేసి వెళ్ళాను. రాత్రి మంచు పడి, నీటి అంచుల్లో పల్చగా గాజు పొరలా గడ్డకట్టి ఉంది. పొద్దు పొడవగానే గాలి లేచింది. రొవీనా కాలితో నీళ్ళు కదుపుతుంటే ఎర బాతులు ఊగుతున్నాయి. చాలా ఎత్తున ఒక గుంపు కనబడింది. ఆర్వల్ పీక పెదాలకి ఆనించాడు.

ముందు పీకతో పొలికేక పెట్టాడు. పోటీల్లో పెట్టే ఆ పొడుగాటి కేక అడవంతా మారుమోగింది. గుంపు ఒకసారి ఒరిగింది, చూసింది, పోయింది. బ్యూఫర్డ్ పెన్సిల్ కదిలింది. రెండో గుంపుకీ పొలికేకే, ఫలితమూ అదే. ఆర్వల్ మెడ మీద నరాలు ఉబ్బాయి. మూడోది చెట్ల చివర్ల మీదికే వచ్చేసింది. ఊపిరి సరిగ్గా తీసుకునే వ్యవధి లేక, ఆర్వల్ పీకలోకి ఊరికే గొణిగాడు. తింటున్న బాతులు తమలో తాము మాట్లాడుకునే ఆ చిన్న చిన్న ముక్కలు, అంతే. పైన రెక్కలు ముడుచుకున్నాయి. కొమ్మల సందుల్లోంచి నారింజ రంగు కాళ్ళు చాపి, నిచ్చెన దిగినట్టు, ఒకదాని వెనక ఒకటి మా మధ్యకి దిగాయి. కాల్చాలన్న సంగతే మర్చిపోయి కాసేపు అలాగే చూశాం.

తుపాకుల మోత అయ్యాక గ్రేవీ అనే మా నల్ల కుక్క నీళ్ళు చిమ్ముకుంటూ బాతుల్ని తెస్తోంది. బ్యూఫర్డ్ నీళ్ళలో నడుచుకుంటూ ఆర్వల్ దగ్గరికి వెళ్ళాడు. ఏదో వెటకారం వదులుతాడనుకున్నాను.

"ఆ గొణుగుడు ఎక్కడ నేర్చుకున్నావురా? ఇన్నేళ్ళలో నా ముందెప్పుడూ ఊదలేదే!"

"మా నాన్న ఊదేవాడు. దానికి పోటీల్లో మార్కులు రావు, అందుకని వదిలేశాను" అన్నాడు ఆర్వల్.

నెలాఖరుకి లెక్క తేలింది. ఎరుపు రోజులు నలుపు రోజుల కంటే బాగున్నాయి, అనుమానం లేదు. అయితే బ్యూఫర్డ్ ఎవరూ అడక్కుండానే ప్రతి గుంపు పక్కనా పొలికేకో గొణుగుడో కూడా రాశాడు. వాటిని విడదీస్తే రొవీనాకి చెప్పాల్సిన మాట ఇంకోటి మిగిలింది. గొణుగుడుకి బాతులు దిగాయి. పొలికేకకి చాలావరకు తిరిగిపోయాయి, ఎవరూ ఏమీ ఊదకపోయినా అంతకంటే నయం.

సీజను ముగిసిన రోజు పెద్ద కుండలో బాతు మాంసంతో గంబో పులుసు వండాను. ఆర్వల్ ఆ పట్టిక ముందు నించుని, "మొత్తానికి సగం నేను రైటు" అన్నాడు.

"సగం కంటే ఎక్కువే మామయ్యా."

"మిగతా సగానికి బహుమతిచ్చింది ఆ పోటీ జడ్జీ. వాడి చెవులు..."

"లెమ్, వాడికి గంబో పెట్టు, నోరు మూతపడుతుంది" అని బ్యూఫర్డ్ అరిచాడు. ఆర్వల్ తిరిగి ఏదో అరిచాడు. క్యాంపు మళ్ళీ క్యాంపులా అనిపించింది.

ఎండాకాలమంతా రొవీనా ఆదివారాలు ఆర్వల్ గరాజులో గడిపింది. పీక నేర్పమని తనే అడిగింది. మేబుల్ మొదట సంతోషించింది, తర్వాత చెవుల్లోకి దూది కొనుక్కుంది. "మా ఆయన ఊదితే ఒక్క బాతు. ఈ పిల్ల ఊదితే లారీ కింద పడిన బాతు" అని నాతో మొరపెట్టుకుంది. ఆర్వల్ మాత్రం ఓపికగా, "బలంగా ఊదకు. పక్కవాడికి రహస్యం చెబుతున్నట్టు ఊదు" అంటూ కూర్చునేవాడట.

నవంబరులో సీజను తెరిచాక ఒక బుధవారం మేం ముగ్గురం ఒకే మాటులో ఉన్నాం. ఎండ లేదు, గాలీ అంతంతమాత్రం. రొవీనా గోడ మీది పట్టికలన్నీ ఆ రోజు ఇంట్లో ఉండమనే చెబుతాయి. ఒంటరి మగబాతు ఒకటి చెట్ల మీంచి పోతోంది. ఆర్వల్ మోచేత్తో ఆమెని పొడిచాడు.

రొవీనా ఊదింది. మొదటి ముక్క దగ్గులా వచ్చింది. రెండోది కాస్త నయం. తర్వాతవి, ఏమో, నా చెవికి బాతు మాటల్లాగే ఉన్నాయి. బాతు తల తిప్పింది. ఒక చుట్టు తిరిగింది. రెక్కలు బిగించి, మంచి ఎత్తులో, మా ముందుకి దిగడం మొదలెట్టింది. ఆకుపచ్చ తల మీద తేమ కూడా కనబడుతోంది. రొవీనా రెండు చేతులతో పీక పట్టుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని, ఊదుతూనే ఉంది. బాతు నీళ్ళ మీద వాలి, ఎర బాతుల మధ్య ఈదుకుంటూ వచ్చి, వాటిని ఒక్కొక్కటే పరిశీలించి, మోసం పసిగట్టి, టపటపా లేచిపోయింది.

ఆర్వల్ తుపాకీ చెట్టుకి ఆనించే ఉంది. నాది భుజానికి వేలాడుతోంది. రొవీనాది కొమ్మకి తగిలించి ఉంది.

"ఎందుకు కాల్చలేదే?" అన్నాడు ఆర్వల్.

"ఊదడం ఆపితే ఎగిరిపోతుందేమోనని. మరి నువ్వు?"

"నేను నిన్ను వింటున్నాను" అన్నాడు. ఆ తర్వాత నావైపు తిరిగి, "నీ సంగతేంటి?" అని గదమాయించాడు.

నేను వంటవాణ్ణి, నన్నడక్కండి అన్నాను.